గాజు కడ్డీతో తిప్పిన బిళ్ళ

కాకినాడలో ఎం.ఫార్మసీ చదివేటప్పుడు నా పాలబడ్డ మందు ఒట్టి మొండిది. నొప్పులకి వాడే మందు. నీళ్ళలో వేస్తే ఉలకదు, పలకదు. కరగని మందు కడుపులోకి వెళ్ళి ఏం లాభం? నీళ్ళలో ఇట్టే కరిగే మైనంలాంటి పదార్థంతో దాన్ని కలిపి కరిగించి, చల్లార్చి, నూరి, జల్లించి బిళ్ళలు చేయడమే నా ప్రాజెక్టు. గంటలో ముప్పాతిక వంతు కరిగిందా, థీసిస్ ఆ నెలలోనే ఇచ్చేయొచ్చు. లేదంటే ఇంకో ఆరు నెలలు హాస్టలే గతి.

పరీక్ష పెట్టిన రోజు గాజు పాత్రల్లో గోరువెచ్చని నీళ్ళు, వాటిలో ఒకే వేగంతో తిరిగే తెడ్లు. ముప్పావుగంటకి సగం కూడా కరగలేదు. విసుగొచ్చి టీకి పోయాను. మధ్యలో మెషీన్ వదిలి వెళ్ళకూడదని తెలుసు, అయినా వెళ్ళాను. తిరిగొచ్చి గంట శాంపిల్ తీసి చూస్తే, దాదాపు అంతా కరిగిపోయింది! పరుగున వెళ్ళి మా సారుకి చెప్పాను. "శభాష్" అన్నారు. ఒక్కసారిగా అంత తేడా ఎలా వచ్చిందని ఇద్దరికీ అనుమానం రాలేదు. నేనైతే రానివ్వలేదేమో.

మర్నాడు ల్యాబ్ అటెండర్ బాబాయ్ గాజు సామాను కడుగుతూ పలకరించాడు.

"నిన్న బాగా కరిగిందాండీ, మేడమ్ గారూ? మీరలా వెళ్ళారు, ఇలా కరెంటు పోయిందండి. తెడ్లు ఆగిపోయాయి. అయ్యో, పాపం, మీ బిళ్ళలు పాడైపోతాయని కరెంటొచ్చేదాకా గాజు కడ్డీ పెట్టి నేనే తిప్పానండి, ఆయ్! పంచదార అడుగునుండిపోతే చెంచాతో తిప్పమాండీ?"

ఒళ్ళు మండింది. సారు దగ్గరికి వెళ్ళి, "అటెండర్ కడ్డీ పెట్టి కలిపేశాడు సార్" అన్నాను. అప్పుడు నేనెక్కడున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నా ఎదుటే బాబాయ్‌కి చీవాట్లు పడ్డాయి. "తప్పయిపోయిందండి" అన్నాడాయన, సారుతో కాదు, నాతో.

మైనం పాళ్ళు పెంచి, ఇంకా మెత్తగా జల్లించి మళ్ళీ చేస్తే అనుకున్నంత కరిగింది. ఈసారి తెడ్లే తిప్పాయి. ఆ గంటసేపూ బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

థీసిస్ కృతజ్ఞతల పేజీలో క్యాంటీన్ వాళ్ళతో సహా అందరినీ తలుచుకున్నాను. ఆయన పేరూ రాద్దామంటే, రెండేళ్ళుగా బాబాయ్ అని పిలవడమే గానీ పేరు తెలియదు. వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు.