జిప్ విప్పకుండా నడిపిన బస్సులు

తొమ్మిదో తరగతితో నేను బడి మానేశాను. బడి కూడా నన్ను పెద్దగా బతిమాలలేదు. అలాంటి నేను ఇప్పుడు రాయదుర్గంలో ఒక చిన్న కంపెనీలో కూర్చుని బడులకు సాఫ్ట్‌వేర్ పంపుతున్నాను. రాసేది ఇంజినీర్లు. వాడేవాళ్ల కంప్యూటర్‌లో కుదురుకునేలా దాన్ని కట్టి పంపడం నా పని.

నిరుడు జూన్‌లో బాచుపల్లిలో ఒక స్కూలుకు బస్సుల ప్రోగ్రామ్ పంపాలి. ఏ పిల్లలు ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో చూసుకునేది. దాన్ని ఏ రకం ఫైలుగా పంపాలన్నదే మా ఆఫీసులో తగవు. ఎంఎస్ఐ అన్నాడొకడు; పెద్ద ఆఫీసుల్లో అన్ని కంప్యూటర్లకూ ఒకేసారి ఎక్కించే ఫైలది. సెటప్ ఎక్సీ అంది ఇంకొకామె. నొక్కితే తనే ఎక్కుతుంది, కాకపోతే మాది అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ స్కూల్లో ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఎవరు మాట్లాడితే వాళ్లదే సరైందనిపించింది నాకు.

చివరికి మా లీడ్ ప్రవీణ్ తేల్చేశాడు. "గింత లొల్లి ఎందుకన్నా? అంతా మూటగట్టి జిప్ పంపియ్. విప్పుకుంటరు, నడుపుకుంటరు."

బడి తెరిచే ముందురోజు స్కూలు ఆఫీసు నుంచి సుజాత మేడం ఫోన్.

"ఏవండీ, నిన్నంతా కూర్చుని ఎక్కించిన పేర్లు ఇవాళ ఒక్కటీ లేవండి! రేపు పొద్దున ఎల్‌కేజీ పిల్లల్ని ఏ బస్సెక్కించమంటారు?"

"ఫికర్ చెయ్యకండి మేడం. ఒకసారి మూసి మళ్లీ తెరవండి."

"అలా తెరిస్తేనే కదండీ పోయాయి!"

ఇంజినీర్లను అడిగితే అలా జరగదన్నారు. జరిగింది కదా అంటే, జరగదన్నారు. బండి తీసుకుని బాచుపల్లి వెళ్లాను.

"నిన్న ఎట్ల తెరిచిన్రో అట్లనే తెరవండి మేడం."

ఆమె జిప్ మీద నొక్కింది. లోపల ప్రోగ్రామ్ కనిపించింది. దాని మీద నొక్కింది. నడిచింది. తప్పెక్కడుందో అంతుపట్టక మళ్లీ తెరిపించి చూశాను. అప్పుడు తట్టింది.

"మేడం, మీరు జిప్ విప్పలేదా?"

"నొక్కితే నడుస్తోంది కదండీ. నడిచేదాన్ని ఎవరైనా విప్పుతారా?"

మూట విప్పకుండా లోపలి ప్రోగ్రామ్‌ను నొక్కితే, విండోస్ దాని కాపీని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి నడిపిస్తుంది. మళ్లీ నొక్కితే మళ్లీ కొత్త కాపీ. మా ప్రోగ్రామ్ పేర్లను తన పక్కనే దాచుకుంటుంది; నిన్నటివి నిన్నటి కాపీ పక్కనే ఉండిపోయాయి. కంప్యూటర్ ఇంకా ఆ ఫోల్డర్‌ను ఊడ్చెయ్యలేదు కాబట్టి దొరికాయి. ప్రింటర్‌లోంచి మొదటి బస్సు పేర్లు బయటికొచ్చాకే ఆమె కుర్చీలో కూలబడింది.

తర్వాత సెటప్ ఎక్సీనే కొత్తగా కట్టాం. పాస్‌వర్డ్ అడగకుండా, వాడేవాళ్ల సొంత ఫోల్డర్‌లోకే ఎక్కేలా. అన్ని చోట్లా అదే సరైందా అంటే ఇప్పటికీ చెప్పలేను. దాన్ని ఎక్కించడానికి మళ్లీ ఆ స్కూలుకు వెళ్లినప్పుడు కాస్త గొప్పకు పోయాను.

"ఈ ఒక్క ఫైలు కోసం మా ఆఫీసంతా తలలు బద్దలుకొట్టుకున్నం మేడం."

ఆమె కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఆఫీసంతా ఎందుకండీ? వాడేదాన్ని నేను. నన్నొక్కదాన్ని అడిగితే పోయేదిగా!"