నాలుగు వేళ్ళ ఎత్తు

మా ఆయన నాకంటే పొట్టి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. పెళ్ళిచూపుల్లో ఇద్దరినీ కూర్చోబెట్టే చూపించారు. పెళ్ళి ఫోటోలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన్ని పక్కన నిలబెట్టారు. నాకు అదేమీ బాధగా ఉండేది కాదు. పొట్టి మనిషి మంచి మనిషి కాకూడదని ఎక్కడా లేదు కదా. నాకు ఒళ్ళు మండింది మాత్రం మోటారు సైకిల్ దగ్గర.

స్కూటర్ కొనుక్కోండి, కాళ్ళు ఆనుతాయి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. స్కూటర్ ఆడవాళ్ళ బండిలా ఉంటుందట! బదిలీ మీద వెళ్తూ ఎవరో ఆఫీసరు అమ్మేసిన మోటారు సైకిల్ తెచ్చి అశోక్‌నగర్‌లో మా అద్దె ఇంటి ముందు నిలబెట్టారు. దాని మీద కూర్చుంటే ఆయన బూట్ల కొసలు మాత్రమే నేలకి తగిలేవి.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకి మూతబడ్డ స్కూళ్ళు మళ్ళీ తెరిచాక, నేను పాఠాలు చెప్పే నారాయణగూడ స్కూలు దగ్గర నన్ను దింపి ఆయన ఆఫీసుకి వెళ్ళేవారు. అందరు ఆడవాళ్ళలాగే నేనూ కాళ్ళు రెండూ ఎడమవైపు వేసుకుని కూర్చునేదాన్ని. చౌరస్తాలో పోలీసు చెయ్యి అడ్డం పెట్టగానే బండి ఆగేది, ఆగగానే ఒరిగేది. నేను ఎడమకాలు చాచి రోడ్డు మీద మోపి ఆపేదాన్ని. అది ఎంత అలవాటైపోయిందంటే, ఆగే ముందు ఆయన కూడా బండిని ఎడమవైపుకే వంచేవారు. ఇలా చేద్దామని ఇద్దరం ఎప్పుడూ అనుకున్నది లేదు. రోజు మొత్తంలో ఆయన నా మీద ఆనుకునే సమయం అదొక్కటే, అందుకే నాకది ఇష్టంగా ఉండేది.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో పాన్ డబ్బా దగ్గర నిలబడ్డ మనిషొకడు మమ్మల్ని చూసి గట్టిగా అరిచాడు. "అన్నా, ఫికర్ చెయ్యకు! వదిన కాలు గట్టిగున్నది, పడనియ్యది!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. పోలీసు కూడా నవ్వాడు. మర్నాటి నుంచి "నువ్వు రిక్షాలో వెళ్ళు, నాకు ఆఫీసు తొందర" అని ఆయన ఒక్కరే వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఆగినచోటల్లా రోడ్డు పక్కన ఏదో ఒక రాయి వెతుక్కుని దాని మీద కాలు పెట్టుకునేవారు. రాయి ఆసరా అయితే పరువు పోదు, పెళ్ళాం ఆసరా అయితే పోతుంది! తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

సీటు ఎత్తు తగ్గించుకోండి అంటే, దుకాణానికి వెళ్ళడానికీ సిగ్గే. నలుగురి ముందు కూర్చుని కాళ్ళు కొలిపించుకోవాలిగా మరి. ఒక ఆదివారం ఆయన భోంచేసి పడుకోగానే నేనే పానా తీసుకుని నట్లు విప్పాను. సీటు ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కి, చిక్కడపల్లిలో సీట్లు కుట్టే దుకాణానికి వెళ్ళాను.

"సారు వచ్చి కూసుంటెనే గద అక్కా, కొలత తెలిసేది?" అన్నాడు దుకాణదారు.

"ఆయన రారు. మడమకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళు. రోజూ వెనక కూర్చుని చూసినదాన్ని, నాకు తెలీదా?"

అతను రెక్సిన్ ఊడదీసి స్పంజి నొక్కి చూశాడు. "గంత కోస్తే కింద రేకు తగుల్తది. సగం కోస్త, పక్కలు గూడ చెక్కుత. సీటు సన్నగైతే కాళ్ళు సక్కగ దిగుతయ్." కత్తి పెట్టబోయి ఆగాడు. "ముందర తగ్గిస్తే వెనక నువ్వు ఇంక ఎత్తు కనబడ్తవ్ అక్కా. జనం నవ్వుతరు. వెనక గూడ కోసెయ్యాల్నా?"

నా కోపమంతా అతని మీద పడింది. "నేనేం పాపం చేశానని రేకు మీద కూర్చోవాలి? ముందర కొయ్యి. వెనక ముట్టుకున్నావంటే ఊరుకోను" అని కసిరాను.

సాయంత్రం సీటు బిగిస్తుంటే ఆయన బయటికి వచ్చారు. తిడతారనుకున్నాను. వచ్చి ఎక్కి కూర్చున్నారు. మడమలు రెండూ నేలకి ఆనాయి. కిందికి చూసుకుని, నా వైపు చూసి నవ్వారు. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారిగా చల్లారిపోయింది నాకు. రేపు మళ్ళీ నన్ను ఎక్కించుకుంటారు, నాకు కావలసింది అంతే.

మర్నాడు ఎక్కించుకున్నారు. ఇస్త్రీ చీర కట్టుకుని వెనక నిటారుగా కూర్చున్నాను. చిక్కడపల్లి దాటి నారాయణగూడ చౌరస్తా కనబడేసరికి ఆయన బండి నెమ్మది చేసి, తల తిప్పకుండా అన్నారు.

"ఆ పాన్ డబ్బా దాటేదాకా కాస్త వంగి కూర్చో."

నేను సరిగానే విన్నానా అనుకున్నాను. సరిగానే విన్నాను.

"ఆపండి."

ఆపారు. రెండు కాళ్ళూ నిబ్బరంగా మోపి పట్టుకున్నారు. నేను దిగిపోయాను.

"ఇప్పుడేమన్నానని?"

"ఏమీ అనలేదు. వెనక నేను లేకపోతే మీరు కావలసినంత ఎత్తు ఉంటారు. వెళ్ళండి."

ఆయన వెళ్ళలేదు. నేను నడుస్తుంటే పక్కనే బండి మెల్లగా పోనిస్తూ "ఎక్కు, అందరూ చూస్తున్నారు" అన్నారు. ఒక్కసారి తప్పయింది అని ఉంటే ఎక్కేసేదాన్ని. స్కూలు గేటు దాకా వచ్చారు. గేటు దాకా అందరూ చూస్తున్నారనే అన్నారు.