మూడేళ్ళ దాకా మోసే క్యారియర్

ఏలూరులో పాసింజరు రైలెక్కి, ఎనిమిది నెలల మా బాబును కొత్త బేబీ క్యారియర్‌లో గుండెకు కట్టుకుని కూర్చున్నాను. ఏది కొనాలో తేలక వారం రోజులు వెతికి, నడుముకు వెడల్పాటి పట్టీ ఉన్నది ఎంచుకున్నాను. ఎదురు సీట్లో కొల్లేరు ఊళ్ళ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పక్కన ఆవిడ మనవరాలు. ఇద్దరూ క్యారియర్‌నే చూస్తున్నారు.

"ఏవండీ, అది ఎంత వయసు పిల్లల దాకా పనికొస్తుందండీ?" అని అడిగిందావిడ.

"మూడేళ్ళ దాకా అండీ."

"దీనికి మొన్ననే మూడు నిండాయండి. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపనికెళ్ళింది. ఆ ఇంటివాళ్ళ బాబుని ఇలాంటి దాంట్లోనే ఎత్తుకుంటుందండి. ఫోన్లో చూసిన దగ్గర్నుంచీ, తనకీ కావాలని ఒకటే గోల."

మా బాబును ఆవిడ చేతికిచ్చి, పాపను క్యారియర్‌లో కూర్చోబెట్టి పట్టీలు బిగించాను. సంబరపడుతుందనుకున్నాను. పాప నవ్వలేదు. నా గుండెకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

తాడేపల్లిగూడెం వచ్చింది. నేను దిగాల్సింది అక్కడే. పట్టీ విప్పబోతే పాప కళ్ళు తెరవకుండానే, "ఇంకాసేపండి" అంది.

అంత చిన్నపిల్ల నన్ను 'అండి' అనడంతో నా చెయ్యి ఆగిపోయింది. నిడదవోలు దాకా వెళ్ళి దిగాను.