కిరాయికి లేని చీర

మొన్న పొద్దున ఒక కాలేజీ అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ వార్షికోత్సవానికి నన్ను అతిథిగా పిలిచారు. ఫ్లెక్సీ అచ్చుకి పోతోందట. "మేడం, మీ పేరు కింద ఒక్క మాటకే జాగా ఉంది. రచయిత్రి అని వెయ్యాలా, నటి అని వెయ్యాలా, బిజినెస్ ఉమన్ అని వెయ్యాలా?" అని అడిగింది. ఆ సమయానికి నేను దుకాణంలో కూర్చుని ఒక రాక్షసుడి మీసానికి అంటుకున్న పాత జిగురు గోకుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది. ఒళ్ళో కొత్త నాటకం కాగితాలున్నాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి నుంచి అప్పుడే మెసేజ్ వచ్చింది, టిఫిన్ డబ్బాలో మళ్ళీ చెంచా పెట్టలేదని. వీటిలో ఏ ఒక్క మాట చెప్పను ఆ పిల్లకి? "సాయంత్రం చెప్తానమ్మా" అని పెట్టేసి తలెత్తితే, ఎదురుగా గోడ మేకుకి మా అత్తమ్మ నారాయణపేట చీర వేలాడుతూ కనిపించింది. వక్కపొడి రంగు, సన్నటి అంచు, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు. ఇక ఆ పూట మీసం పని ముందుకు సాగలేదు.

మా దుకాణం అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తుంటే వచ్చే ఒక గల్లీలో ఉంది. నాటకాల బట్టలు కిరాయికి ఇస్తాం. రాజులు, ఋషులు, దేవుళ్ళు, రాక్షసులు, స్కూళ్ళలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకైతే టమాటాలు, వంకాయలు, ట్రాఫిక్ పోలీసులు కూడా. మామగారు పెట్టిన దుకాణం. ఆయన పోయాక అత్తమ్మ నడిపింది. నేను కాచిగూడలో స్థిరపడ్డ కోస్తావాళ్ళ పిల్లని, ఆవిణ్ణి "అత్తయ్యా" అని పిలుస్తూ ఈ ఇంటికొచ్చాను. నెల తిరగకుండానే నా నోట "అత్తమ్మా" అనిపించింది. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి డాబా ఎక్కినప్పుడు దండెం మీద వరసగా గడ్డాలు ఆరుతున్నాయి. తెల్లవి, నల్లవి, బొడ్డుదాకా వచ్చేవి. అత్తమ్మ ఒక చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని ఇంకో చేత్తో ఒక మహర్షి గడ్డానికి చిక్కు తీస్తోంది. ఈ ఇంట్లో నాకు బాగా పొద్దుపోతుందని ఆ క్షణమే అనుకున్నాను.

అత్తమ్మది ఒకటే నియమం: "గిరాకీ ముందు, ఇంటోళ్ళు ఎనక." గిరాకీ అంటే ఆవిడ లెక్కన దుకాణం మెట్టెక్కిన మనిషి ఎవరైనా సరే. వాళ్ళు అడిగిన వస్తువు దుకాణంలో ఉంటే ఇవ్వాల్సిందే. దాచిపెట్టామన్న మాట వినపడకూడదు. చిన్నప్పుడు మావారు స్కూల్లో రాముడి వేషం వెయ్యాల్సిన రోజు పొద్దున్నే బేగం బజార్ నుంచి ఎవరో వచ్చి విల్లు అడిగితే ఆవిడ ఇచ్చేసింది. మావారు గొడుగు పట్టుకుని వెళ్ళారు. ఆ ముచ్చట ఆయన ఇప్పటికీ నవ్వకుండానే చెబుతారు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఇంతమందికి వేషాలు కట్టించిన మనిషి జన్మలో ఒక్క నాటకమూ చూడలేదు. బట్టలు సాయంత్రం పెట్టెల్లో వెళ్ళిపోయేవి, మర్నాడు చెమట వాసనతో, పౌడరు మరకలతో తిరిగొచ్చేవి. మధ్యలో వాటిని కట్టుకుని వాళ్ళేం చేస్తారో ఆవిడకి పట్టేది కాదు.

నా సంగతి చెప్పాలంటే, నాకు పుట్టుకతోనే ఒక్క పనితో కడుపు నిండదు. కాలేజీ రోజుల నుంచి నాటకాలు రాసేదాన్ని, వేసేదాన్ని. అత్తమ్మతో దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాక కిరీటాలు కట్టడం నేర్చుకున్నాను. గల్లీ చివర మగ్గం పనిచేసే ముసలాయన దగ్గర జరీ కుట్టడం నేర్చుకున్నాను. పక్క పుస్తకాల కొట్టాయన దగ్గర ఉర్దూ అక్షరాలు దిద్దాను. పిల్ల పుట్టాక వీటిలో ఏదో ఒకటి రాలిపోతుందని అందరూ ఎదురుచూశారు. ఏదీ రాలలేదు సరికదా, లాలిపాటలు కూడా సొంతంగా కట్టడం మొదలుపెట్టాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ రోజుల్లో నేను ఎంత అలిసిపోయేదాన్నో అంత ఆనందంగా ఉండేదాన్ని. మా ఆడపడుచు మాత్రం, బషీర్‌బాగ్ నుంచి వచ్చినప్పుడల్లా నన్ను ఎగాదిగా చూసి, "నీకెన్ని పురుగులు గుట్టినయే పిల్లా?" అనేది. ఆవిడ మావారికంటే పెద్దది, ఆవిడ మాటకి ఇంట్లో ఎదురు లేదు.

నేను పిల్లని చంకనేసుకుని రిహార్సల్‌కి వెళ్ళేదాన్ని. నాంపల్లిలో ఒక పాత హాలు వెనక గదిలో సాయంత్రాలు చేసేవాళ్ళం. ఒకరోజు అక్కడ, మా మంత్రి పాత్రధారి డైలాగు చెబుతుండగా, మా పిల్ల కుర్చీ వదిలేసి ఆయన వైపు టపటపా నాలుగడుగులు వేసి కూలబడింది. మొదటి అడుగులు! మేమంతా చప్పట్లు కొట్టాం. ఇంటికి ఎగురుకుంటూ వచ్చి అత్తమ్మకి చెప్పాను. ఆవిడ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. "నా మనవరాలు నడ్శిందా? గాడ, ఎవరెవరి ముందటనో?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. పిల్ల మొదటి అడుగుకి బూరెలు వండి పంచాలని ఆవిడ బెల్లం కూడా తెప్పించి పెట్టుకుందని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం ఆడపడుచు పంచాయితీ పెట్టింది. "ఇది ఇల్లా, డ్రామా కంపినీనా? ఏదన్న ఒకటి ఇడ్శిపెట్టాలె. దుకాణమన్న చూడు, నాటకాలన్న ఆడు. పిల్లను తిప్పుకుంట గీ వేషాలేంది?" మావారు నా వైపు ఒకసారి, వాళ్ళక్క వైపు ఒకసారి చూసి, పాలు పొంగుతున్నాయేమో చూసొస్తానని వంటింట్లోకి జారుకున్నారు. పొయ్యి మీద పాలు లేవు. నేను దేన్నీ వదలనని చెప్పేశాను. రిహార్సల్‌కి పిల్లని తీసుకుపోవచ్చు గానీ, నాటకం రోజు అత్తమ్మ వద్దంటే పిల్లని చూసేవాళ్ళు లేరు, పిల్లని చూసేవాళ్ళు లేకపోతే నాటకం లేదు. అంతా ఆవిడ మాటలోనే ఉందని అందరికీ తెలుసు. ఆవిడ పిల్ల తల నిమురుతూ, "ఈమె నాటకం నేనెన్నడు జూడలే. చూడకుండ వద్దని ఎట్లంట? చూసినంక చెప్త" అంది.

అలా నా నాటకాలన్నిటికీ తీర్పు ఒక్క సాయంత్రానికి వచ్చి కూర్చుంది. రాసింది నేనే, రాణి వేషమూ నాదే. రాజు యుద్ధానికి పోతే రాణి కొలువు తీర్చి జనం ఫిర్యాదులు వింటుంది, అదీ కథ. ఆ రాణి కోసం నేను నెమలికంఠం రంగు వెల్వెట్ మీద నా చేత్తో జరీ కుట్టుకున్నాను. చెమ్కీలు బేగం బజార్ అంతా తిరిగి ఏరి తెచ్చుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం పిల్లకి అన్నం తినిపించి దుకాణానికి వచ్చేసరికి చిలక్కొయ్య ఖాళీగా ఉంది.

"అత్తమ్మా, నా రాణి డ్రెస్సేదీ?"

"గిరాకొచ్చిన్రు. ఏదో ఇస్కూలోళ్ళు. పాపం, రాణి కావాలె రాణి కావాలె అని తండ్లాడిన్రు. ఇచ్చిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. కావాలనే ఇచ్చేసిందనుకున్నాను. నాటకం పాడైతే తీర్పు చెప్పడం సులువు కదా! "ఇవాళ నాటకమని తెలిసీ ఇచ్చారా?" అని అరిచాను, ఆవిడ ముందు మొదటిసారి. ఆవిడ నదురూ బెదురూ లేకుండా, "తెలుసు. నువ్వు ఇంటిదానివి. గిరాకీ ముందు" అంది. నేను ఏడుపు మింగుతూ మిగిలిన పెట్టెలు తిరగేశాను. ఒక వంకాయ, రెండు ఋషులు, ఒక ఎలుగుబంటి తల. రాణి అన్న మాటకి దగ్గరగా వచ్చేది ఏదీ లేదు. అప్పుడావిడ ఇంట్లోకి వెళ్ళి తన పెట్టెలోంచి ఈ వక్కపొడి రంగు చీర తెచ్చి నా భుజాన వేసింది. "రాణమ్మ అయితే మాత్రం, మొగడు ఇంట్ల లేనప్పుడు కిరీటం పెట్టుకొని కూసుంటదా? గిట్లనే ఉంటది. కట్టుకో" అంది. కోపంలో ఉన్నాను కాబట్టి ఆ మాటలోని తెలివి నాకప్పుడు ఎక్కలేదు. వేరే దారి లేక కట్టుకున్నాను.

హాలు బాగానే నిండింది. ముందు వరసలో అత్తమ్మ, ఒళ్ళో మా పిల్ల, పక్కన ఆడపడుచు. తెర లేచింది. నూలుచీర కట్టుకున్న రాణిని చూసి జనంలో చిన్న గుసగుస. అయినా మొదటి మాట అందుకున్నాను. రెండో రంగం సగంలో, కొలువు మంచి పట్టు మీద ఉండగా, కింద నుంచి "అమ్మా!" అని కేక. నేను విననట్టు డైలాగు కొనసాగించాను. కేక ఏడుపయింది, ఏడుపు రాగమయింది. ఆడపడుచు పిల్లని బయటికి తీసుకుపోవడానికి లేవబోయింది. అప్పుడు జరిగిందండీ, నాటకం మొహం ఎరగని మనిషి మాత్రమే చెయ్యగలిగిన పని. అత్తమ్మ పిల్లని ఎత్తుకుని, పక్క మెట్ల మీదుగా తిన్నగా స్టేజీ ఎక్కి, లైట్ల మధ్యలోకి నడిచొచ్చి, దుకాణం బల్ల మీంచి సామాను అందించినట్టు నాకందించింది. "పిల్ల ఆగుతలేదు. జర పట్టుకొని మాట్లాడు" అంది, వెనక వరసలదాకా వినపడేట్టు.

మంత్రి వేషగాడు నోరు తెరిచి నిలబడిపోయాడు. నా చంకలోకి వచ్చిన మరుక్షణం పిల్ల ఏడుపు ఆపి, నా మెడలో పూసలు నోట్లో పెట్టుకుంది. ఆ బరువు తగలగానే నా బెదురు ఎటు పోయిందో పోయింది. మంత్రి వైపు తిరిగి, "చూశారా మంత్రిగారూ, మొదటి ఫిర్యాదు మా ఇంటి నుంచే వచ్చింది. తీర్పు ఇచ్చేశాం. రెండోది ఎవరిదో పిలవండి" అన్నాను. ఆ చప్పట్లు నాకింకా వినిపిస్తాయి. ఆ తర్వాత చివరిదాకా రాణి పిల్లని దించలేదు. ఒక చంక నొప్పెడితే ఇంకో చంకకి మార్చుకుంటూ, ముక్కు తుడుస్తూ, న్యాయం చెప్పింది. నేను రాసుకున్న రాణికంటే ఆ రాణి బాగుంది. రాసినదాన్ని కాబట్టి ఆ మాట నేను చెప్పచ్చు. అత్తమ్మ మాత్రం కిందికి దిగలేదు. స్టేజీ మెట్ల మీదే చతికిలబడి, చెంగు నోటికడ్డం పెట్టుకుని నాటకం మొత్తం చూసింది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు తీర్పు వినడానికి దుకాణానికే వచ్చేసింది. అత్తమ్మ స్టూలెక్కి గోడకి మేకు కొడుతోంది. "ఏందే అమ్మా, ఏది ఇడ్వమంటవ్?" అని ఆవిడ అడిగింది. అత్తమ్మ సుత్తి దించకుండానే, "నిన్న పిల్లను ఎత్తుకున్నంక ఇంక మంచిగ మాట్లాడింది గదా. అండ్ల కెల్లి ఏం తీసేస్తవ్? నాకైతే తెల్వలే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగు గొట్టంగనే నువ్వు పో బిడ్డా. దుకాణం నేను జూస్త. పిల్లను గూడ తోల్కపో, లేకుంటే నాకిడ్వు, నీ ఇష్టం. గని మల్ల ఎన్నడన్న అది కొత్తగ ఏదన్న చేస్తే, నాకు ఫోన్ చెయ్యి. వస్త." నేను ఆవిణ్ణి స్టూలు మీదుండగానే కావలించుకుని ఏడ్చేశాను. "పడ్త, పడ్త" అని అరిచింది. ఆడపడుచు ముక్కు చీదింది, అది కోపానికో మరి దేనికో నేను అడగలేదు. ఆ వారమే ఇంట్లో బూరెలు వండారు.

నాటకం పేరు పాకింది. కొన్నాళ్ళకి ఒక స్కూలు టీచరమ్మ దుకాణం మెట్టెక్కి, మేకు మీది చీర చూపించి, "ఆ రాణి చీర కిరాయికి కావాలండీ" అంది. నేను అలవాటుగా లేచి తియ్యబోయాను. గిరాకీ ముందు కదా. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కన్నకొడుకు విల్లు ఇచ్చేసిన మనిషి, నా వెల్వెట్ డ్రెస్సు ఇచ్చేసిన మనిషి, "గది కిరాయికి లేదమ్మా. మా ఇంటోళ్ళది" అంది.

సాయంత్రం ఆ కాలేజీ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. "పేరు కొంచెం పెద్దక్షరాల్లో వెయ్యండమ్మా, కింద జాగా మిగలదు" అన్నాను. ఆ పిల్ల కిలకిలా నవ్వి సరేనంది. అత్తమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆనాటి వెల్వెట్లు నలిగిపోయాయి, కిరీటాలు మళ్ళీ మళ్ళీ కట్టాం, చంకలో పిల్ల నాకంటే పొడుగైంది. కాలాన్ని మించిన గిరాకీ మా మెట్టు ఇంతవరకూ ఎక్కలేదు. అడిగిందల్లా ఇస్తూనే ఉన్నాం, ఆ చీర ఒక్కటి తప్ప.