మేకల పాక పక్కన దీపం

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కోనసీమలో శ్మశానం పక్కనున్న కొబ్బరితోటలో కాయలు దించి పెరిగినవాణ్ణి. ఒక్క పూటలో తోటంతా ఎక్కి దిగేవాణ్ణి... ఉండండి, ఈ ఒక్కసారికి సరిగ్గా రాస్తాను. చెట్లెక్కింది మా అన్నయ్య. నేను కింద నిలబడి కాయలు పోగు చేసేవాణ్ణి. భయం లేదన్నది మాత్రం నిజం.

ఇలా దిద్దుకోవడానికి కారణం ఉంది. ఈ వీర్రాజు, అంటే నేను, చెప్పిన దాంట్లో సగం తీసేసుకోవాలని బహ్రెయిన్‌లో మావాళ్ళందరికీ తెలుసు. అందుకని ఆ సగం నేనే తీసేసి రాస్తున్నాను. మిగిలినది జరిగింది.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఇండోనేషియాలో జావా అనే దీవి ఉంది. దాని నడుమ ఒక అగ్నిపర్వతం, ఆ పర్వతం వాలులో ఒక చిన్న ఊరు. పైన పొగాకు తోటలు, కింద మెట్లు మెట్లుగా వరి మళ్ళు, మధ్యలో వెదురు పొదలు. పై మడిలోని నీళ్ళు వెదురు గొట్టాల్లోంచి కింది మడిలోకి దిగుతూనే ఉంటాయి కాబట్టి ఊళ్ళో ఎక్కడ కూర్చున్నా నీటి చప్పుడు వినబడుతుంది. కొండ పొద్దున్నే కనిపిస్తుంది. పిల్లలు బడికి బయల్దేరే వేళకి మంచు కమ్మేస్తుంది. మగవాళ్ళు లుంగీనే భుజాల చుట్టూ దుప్పటిలా కప్పుకుని తిరుగుతారు.

పొగాకు కోతల కాలంలో సన్నగా తరిగిన ఆకును వెదురు తడికల మీద పరిచి, రోడ్డు పక్కన, ఇంటి కప్పుల మీద, ఎండ పడిన ప్రతి చోటా ఆరబెడతారు. ఊరంతా బెల్లం పాకం వాసన. వాళ్ళకు మనలాంటి ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల వారం ఇంకొకటి ఉంది. సంత ఆ అయిదు రోజుల లెక్కన, కింది ఊళ్ళో జరుగుతుంది. ఆడవాళ్ళు కూరగాయల బుట్టను పాత చీరలాంటి గుడ్డతో వీపుకి కట్టుకుని దిగుతారు. ఆస్పత్రి కావాలంటే చిన్న వ్యాను ఎక్కి మలుపులన్నీ తిరిగి పట్నం చేరాలి. మగపిల్లలు పామాయిల్ తోటల పనికి వేరే దీవికి పోతారు, ఆడపిల్లలు ఇళ్ళల్లో పనికి వేరే దేశాలకి పోతారు. చెక్క ఇళ్ళ మధ్య అక్కడక్కడా టైల్సు వేసిన కొత్త ఇల్లు మెరుస్తుంటుంది. అది హాంకాంగ్ ఇల్లా, సౌదీ ఇల్లా అన్నది ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. మా కోనసీమలో కువైట్ మేడలు, దుబాయ్ మేడలు ఉన్నట్టే.

ఇంత వివరంగా రాశానంటే అక్కడ కొన్నాళ్ళు ఉండి వచ్చాననుకుంటారు. నేను ఆ ఊరు వెళ్ళలేదు. ఆ దేశమే వెళ్ళలేదు. విమానంలో పైనుంచి కూడా చూడలేదు.

అది సూమి ఊరు. నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లో ఆమె పనిమనిషి. బహ్రెయిన్‌లో మామీర్ అనే ఊరికి కాస్త దూరంలో మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇల్లు. గేటు పక్క గది నాది, వంటింటి వెనక గది ఆమెది. వచ్చిన కొత్తలో అన్నం ముట్టేది కాదు. వూలన్ అనే పాలు మరవని ఆడపిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చింది. వాళ్ళ భాషలో ఆ పేరుకి చందమామ అని అర్థం. భర్త ఆగుస్ వడ్రంగి. ఆమెకంటే ముందే పామాయిల్ తోటల దీవికి పడవెక్కాడు. తర్వాత అతని కబురు లేదు.

ఆమె ఏడుపు చూడలేక ఓ రోజు అనేశాను.

"మీ దేశం నేనెరుగుదును. ఓడలో వంటవాడిగా పనిచేసినప్పుడు వచ్చాను."

సూమి కళ్ళు తుడుచుకుని చూసింది. "ఏ వైపు వచ్చావు, పా?" పెద్ద వయసు మగవాణ్ణి వాళ్ళు అలా పిలుస్తారు. మేం మాట్లాడుకునేది సగం హిందీ, సగం అరబ్బీ.

చిలక జోస్యం వాడు ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పినట్టు నేనూ చెప్పాను. సముద్రం అన్నాను, ముఖంలో ఏమీ లేదు. కొండ అన్నాను, వెలిగింది. ఇక కొండ పట్టుకున్నాను. ఆమె నోరు జారిన ప్రతి ముక్కనీ దాచుకుని వారం తర్వాత నేను చూసినట్టుగా తిరిగి చెప్పేవాణ్ణి. శుక్రవారం కఫీల్ కుటుంబం ఆయన తల్లి ఇంటికి పోయాక, మేమిద్దరం పెరటి కొళాయి దగ్గర చేపలు శుభ్రం చేసుకుంటూ జావాలో తిరిగి వచ్చేవాళ్ళం. ఆ రోజు ఆమె కడుపునిండా తినేది. అందుకే మానలేదు.

అలాంటి ఒక శుక్రవారం, నా మానాన నేను అల్లుకుంటూ పోతున్నాను. ఒక ఇంటి వెనక రాతి మెట్లు దిగితే మేకల పాక ఉందనీ, పాక పక్కన నేల మీద, బోర్లించిన బుట్ట కింద బుడ్డిదీపం వెలుగుతోందనీ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కథలో చీకటి పడితే ఒక దీపం పెట్టడం నాకలవాటు.

సూమి నవ్వింది. "మేకల దగ్గర దీపం ఎవరు పెడతారు, పా? బుట్టతో సహా తినేస్తాయి."

ఆ మాట అక్కడితో పోయింది.

వూలన్‌కి అయిదేళ్ళు వచ్చాక, సూమి పంపినదానితో వాళ్ళమ్మ పాత ఇల్లు విప్పించి కొత్తది మొదలుపెట్టింది. పునాది తవ్విన మర్నాటి నుంచి వూలన్ మాట్లాడటం మానేసింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. ఫోన్లో తల్లి ముఖం చూసి కూడా పెదవి కదపదు. రెండు ముద్దలు తిని గిన్నె తోసేస్తుంది. పట్నంలో డాక్టరుకి చూపించారు. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి అన్నాడు. వారాలు గడిచాయి. పిల్ల చిక్కిపోవడం ఫోన్లో నాకే తెలుస్తోంది, తల్లికి తెలియదా?

అప్పుడు సూమి అసలు సంగతి చెప్పింది.

బిడ్డ పుట్టాక మావిని మా వైపు కూడా పెరట్లో పూడ్చేవారు. ఆస్పత్రి కాన్పులు వచ్చాక ఆ మాటే మరిచిపోయాం. సూమి వాళ్ళకి అది ఇంకా పెద్ద విషయం. మావి అంటే బిడ్డతో పాటు పుట్టిన చిన్న తోబుట్టువు. తండ్రే దాన్ని కడిగి, మట్టిపిడతలో పెట్టి, బిడ్డకి కుట్టుపని రావాలని సూది, చదువు రావాలని పెన్సిలు అందులో వేసి పూడ్చాలి. ఆడపిల్లయితే గుమ్మానికి ఎడమ వైపు. పైన బుట్ట బోర్లించి, కొన్ని వారాల పాటు రాత్రిళ్ళు దీపం పెడతారు. చిన్నదానికి చీకట్లో భయం వేయకూడదని.

వూలన్ పుట్టినప్పుడు దీపం గుమ్మానికి ఎడమ పక్కనే వెలిగింది. ఊరంతా చూసింది. ఇప్పుడు పిడత కొత్త గోడ కిందికి వస్తుందని, దాన్ని జాగ్రత్తగా తీసి పక్కకి మారుద్దామని తవ్వారు. పిడత లేదు. కుడి పక్క తవ్వారు, అక్కడా లేదు. దీపం అన్నాళ్ళూ ఉత్త నేల మీద వెలిగింది.

"అమ్మ అంటోంది, చిన్నది ఎక్కడో తప్పిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ పిల్ల మాట పోయిందట." సూమి చేతిలోని చేపను పళ్ళెంలో పెట్టేసింది. "పా, నువ్వు చూసిన దీపం ఏ పక్కన ఉంది?"

ఏదో ఒక పని కల్పించుకుని లేచి వెళ్ళిపోయాను.

మర్నాడు కారు సర్వీసుకి సల్మాబాద్ తీసుకెళ్ళాను. అక్కడి గ్యారేజీలో జగిత్యాల వైపు కుర్రాడు మల్లేశం మెకానిక్. కారు కింద పడుకునే నేను చెప్పిందంతా విన్నాడు.

"కాకా, మొన్న షార్కుకు ముక్కుతాడు ఏసిన అన్నవ్. గది ఎవ్వడన్న నమ్మిండా?"

"లేదురా."

"గల్ఫంతట్ల నిన్ను నమ్మింది గా పిల్ల ఒక్కతే. గామెకన్న నిజం జెప్పు. నీ మాట వట్టుకొని తవ్వుతరు, ఆడ ఏం దొర్కది. అప్పుడు తల్లి పానం ఏమైతది?" చేయి బయటికి చాపాడు. "సరే గని, గా పానా ఇటియ్యి."

వాడన్నది నిజమే. చెబితే ఆమెకున్న ఒక్క ఆశా పోతుంది. చెప్పకపోతే పిల్ల అక్కడ చిక్కిపోతుంటే వీళ్ళు నా అబద్ధాన్ని తవ్వుకుంటూ కూర్చుంటారు. దారంతా కారు నడుపుతూ ఏడ్చాను అని రాయాలనుంది. ఏడవలేదు. ఏసీ వేసుకుని, రేడియో కట్టేశాను. అంతే.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడే చెప్పేశాను.

"సూమీ, నేను మీ దేశం ఎప్పుడూ రాలేదు. ఓడ ఎక్కలేదు. మా గోదావరి మీద రేవు దాటించే పంటు తప్ప నేనే పడవా ఎక్కలేదు. అన్నీ నువ్వు చెప్పినవే నీకు తిరిగి చెప్పాను."

తిడుతుందనుకున్నాను. ఉల్లిపాయ తరగడం ఆపి ఆలోచించింది.

"మేకల గురించి నేనెప్పుడూ చెప్పలేదు, పా. నేను ఇక్కడికి రాకముందే అమ్మేశాం. పాక పడిపోయింది. రాతి మెట్లు కూడా చెప్పలేదు."

"ఏదో నోటికొచ్చింది."

"నువ్వు వచ్చి చూసి ఉంటే అది వేరేవాళ్ళ ఇల్లు కావచ్చు," అంది సూమి. "రాకుండా చెప్పావంటే మా ఇల్లే."

నేను మిగిలిన ఉల్లిపాయలు అందుకుని తరగడం మొదలుపెట్టాను.

శుక్రవారం పొద్దున వీడియో కాల్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. ఫోను వాళ్ళమ్మ చేతిలో ఉంది కాబట్టి మాకు ఎక్కువగా కనిపించింది ఆవిడ చెవి, కాస్త ఆకాశం. మేస్త్రీ రాతి మెట్లు దిగి, పాక ఉన్న చోట పార వేశాడు. మొదట రాళ్ళు వచ్చాయి. పెద్దావిడ విసుక్కుంది. మెట్ల వైపు జరిగి తవ్వమంది సూమి. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పార దేనికో తగిలి ఆగింది.

మూత మట్టితో మూసిన చిన్న పిడత. లోపల మన్నుగా మారిన ఏదో, తుప్పు పట్టిన సూది, రెండు వైపులా చెక్కిన పెన్సిలు ముక్క. బల్లపరుపుగా ఉండే వడ్రంగి పెన్సిలు. సూమి తలగుడ్డ కొసను నోటికి అడ్డుపెట్టుకుంది. ఆగుస్ చెవి వెనక ఎప్పుడూ పెట్టుకునే రకం అది.

పెద్దావిడ మెట్ల మీద కూలబడి అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. సూమి ఏడుస్తూ, నవ్వుతూ నాకు చెబుతూ వచ్చింది. పిల్ల పుట్టిన రోజు కుండపోత వాన. గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్ళు. పూడ్చడం సాయంత్రం దాటకూడదు కాబట్టి నీళ్ళు నిలవని వాలులో, పాక పక్కన పూడ్చేసి ఉంటాడు. వాన సన్నబడి నీళ్ళు తీశాక అత్తగారు తడుస్తూనే వచ్చి, ఎక్కడ పూడ్చావని అడగకుండా దీపం తెచ్చి గుమ్మానికి ఎడమ పక్కన పెట్టేసింది. ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం అతనికి లేదు.

"పిరికి గాడిద!" పెద్దావిడ గొంతు ఫోన్లోంచి వినిపించింది. సూమి మిగతాది చెప్పింది. "ఒక్క మాట అంటే నేనేమన్నా తినేస్తానా అని అడుగుతోంది."

"తినేసేదా?" అన్నాను.

"తినేసేది," అంది సూమి.

గుంత దగ్గరే వూలన్ నోరు తెరిచిందని మల్లేశంతో చెప్పాను. అది పెంచిన మాట. పిల్ల అమ్మమ్మ వెనక నిలబడి పిడతను చూసింది, అంతే. పిడతను కొత్త గుమ్మానికి ఎడమ పక్కన పెట్టి దీపం వెలిగించారు. ఆ తర్వాత సంతరోజు పొద్దున్నే, మంచు ఇంకా దిగకముందు, పిల్ల ఆ బుట్ట పక్కన గొంతుక్కూర్చుని అమ్మమ్మను అడిగిందట: "చిన్నదానికి చలి తగ్గిందా?" ఆ తర్వాత అన్నం పెట్టమందట.

నేను చాలా విధాల ఆలోచించాను. తవ్వకాల దుమ్ము, చప్పుడు ఆగాక పిల్ల తేరుకుని ఉండొచ్చు. తర్వాత మళ్ళీ చూపిస్తే డాక్టరు అదే అన్నాడు. పల్లెటూళ్ళో మేకల పాక అన్నది ఎవరైనా ఊహించగలిగే విషయం. మావి మీద దీపం పెట్టడం ఎప్పుడో ఎక్కడో విని మరిచిపోయానేమో. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ పిడత ఉన్న చోటు సూమికి తెలియదు, వాళ్ళమ్మకి తెలియదు. తెలిసింది ఒక్క మనిషికి. అతన్ని నేను చూడలేదు. నా అబద్ధం నాకంటే ముందే అక్కడికి ఎలా వెళ్ళిందో నాకు తెలియదు.

నెల తర్వాత మరో శుక్రవారం సూమి పెరట్లో బట్టలు ఆరేస్తూ, నా వైపు తిరగకుండా అడిగింది.

"పా, ఆగుస్ ఎక్కడున్నాడు?"

జీవితంలో మొదటిసారి నాకు అల్లడానికి ఏమీ దొరకలేదు. బతికే ఉన్నాడని చెప్పాలనిపించింది. ఆ మాట రాలేదు. వచ్చింది వేరే మాట.

"మేకల పాక పక్కన, చొక్కా విప్పి దీపానికి అడ్డుగా పట్టుకున్నాడు. వాన వీపు మీద పడుతోంది. నాకు అంతవరకే కనబడింది."

సూమి చేతిలోని తడి బట్టను ముఖానికి ఆనించుకుంది.

ఆమెను ఓదార్చడానికి కల్పించానో, నిజంగా కనబడిందో, ఆ మాట అన్నది నేనే అయినా నాకు ఇప్పటికీ తెలియదు.