ద్రౌపది ఫోటో కింద ఏ పేరు రాయాలి?

మా ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం నేను శ్రీకాళహస్తిలో ఎవరో అబ్బాయిని చూడటానికి పోతుంటాను. శనివారం పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బస్టాండుకు బయలుదేరే ఆడపిల్ల పాత ఫోటోల కోసం పోతోందంటే ఎవరూ నమ్మరు. "పేరు చెప్పు మే, మేమే పోయి మాట్లాడతాం," అని మా అత్త ఫోన్లో బతిమాలుతుంది. నాయన ఏమీ అడగడు. నేను స్కానర్ సర్దుకుంటుంటే దాన్ని దొంగ సాక్ష్యంలా చూస్తాడు. నిజం ఇంతే: తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లల్లో అటకల మీద పడి ఉన్న ఫోటోలు, నాటకాల కరపత్రాలు, క్యాసెట్లు కాపీ చేసి ఒక ప్రాంతీయ డిజిటల్ ఆర్కైవ్‌కు పంపుతాను. అక్కడ వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నాకు జీతం లేదు. ఇంట్లో అనుమానానికి అదే పెద్ద ఆధారం.

పోయిన శనివారం వెళ్లింది భారతం ఆడే ఊరికి. మా వైపు వేసవి వచ్చిందంటే ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర రోజుల తరబడి మహాభారతం నడుస్తుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. ఆ ఊళ్లో చాలా ఏళ్లు ద్రౌపది వేషం కట్టిన చెంగల్రాయులు గారు ఇప్పుడు లేరు. ఆయన ఫోటోలు తన దగ్గర ఉన్నాయని భార్య మునెమ్మ ఫోన్లో చెప్పగానే నాకు కాలు నిలవలేదు. తిరుపతిలో ఏడింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గంట దాటాక శ్రీకాళహస్తిలో దిగి, బస్టాండు ఎదురుగా వేడి వేడి ఇడ్లీ తిని, పిచ్చాటూరు దారిలో షేర్ ఆటో పట్టుకున్నాను. మనిషికి ముప్పై రూపాయలు, అరగంట ప్రయాణం.

"అన్నా, చెంగల్రాయులు గారి ఇంటికి పోవాల," అంటే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ పేరుతో మా ఊర్లో ఎవురూ లేరే."

"భారతంలో ద్రౌపది వేషం కట్టేవారు..."

"ద్రౌపదమ్మ ఇల్లా! అట్ల చెప్పల్ల గదా! పేరు చెప్తే యాడ తెలుస్తాది?"

మునెమ్మ అవ్వ ఫోటోలు బిస్కెట్ డబ్బాలో దాచింది. మూత తీయగానే కర్పూరం వాసన. ఒక్కొక్కటే తీసి స్కానర్ అద్దం మీద పెట్టాను. నా వేళ్లకు లేని తీరు ఆ ద్రౌపది చేతివేళ్లకు ఉంది! అన్నిట్లోకీ గొప్పది చివరి రోజు ఫోటో. దుర్యోధనుడు పడ్డాక ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడేసుకుంటుంది. ఆ ముడిలోని పూల కోసం ఆడవాళ్లంతా కొంగులు చాపుతారు. ఫోటోలో కొంగులే కొంగులు. అందులో ఒకటి అవ్వది.

"మొగుడే గదా అవ్వా, నీకు ముందు ఇయ్యలేదా?"

"యాడ ఇచ్చినాడు! అందరి మాదిరే నిలబడి తీసుకున్నా. చేతికి కంకణం కట్టుకున్నాక ఆయన ఇంటి గడప తొక్కేవాడు కాదు పాపా. ఆడున్నన్నాళ్లూ అమ్మవారు."

"ఉత్సవం అయిపోయి ఇంటికొచ్చినాక అడగొచ్చు కదా?"

"ఇంటికొచ్చినాక మొగుడు. మొగుడిని అడిగితే ఏం ఇస్తాడు?" అని అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడింటికి కొడుకు శేఖర్ నాయుడుపేటలో డ్యూటీ దిగి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెర నిండా వాళ్ల నాన్న చీరలో నిలబడి ఉన్నాడు. శేఖర్ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది ఫోన్లలో వస్తుందా మేడం?"

"ఎవరు వెతికినా కనిపిస్తుందన్నా."

"ద్రౌపదికి ఐదుగురు కొడుకులు గదా. ఇస్కూల్లో నన్ను ఆరోవాడా అని పిలిచేటోళ్లు. ఇప్పుడు కంపెనీలో గూడా పిలిపించుకోమంటారా?" చెప్పులు విప్పి లోపలికొచ్చి ఫోటోను దగ్గర నుంచి చూశాడు. తర్వాత అతనే కొంచెం తగ్గాడు. "పోటో పెట్టుకోండి. కింద ద్రౌపది అని రాసుకోండి. మా నాయన పేరు మాత్రం వద్దు."

అవ్వ డబ్బా మూత ఠప్పున పెట్టింది. "ఊరంతా ద్రౌపది అనే పిలిచినారు. పోయినాక గూడా అదే పిలుస్తాండారు. ఆయన పేరు ఒక్క తావునన్నా ఉండల్ల. పేరు లేకుంటే పోటో గూడా వద్దు, తీసేయ్ పాపా."

"జనాలు నవ్వితే నీకేం మా, నేను పడల్ల!"

"నేను కొంగు చాపి పూలు తీసుకున్నా రా ఆయన దగ్గర! నాకు లేని సిగ్గు నీకేంది?"

శేఖర్ బైకు తాళం తీసుకుని బయటికి నడిచాడు. అయినా నన్ను బైకు మీద మెయిన్ రోడ్డు దాకా దింపింది అతనే. "పెట్టేముందు నాకు చెప్పండి," అన్నాడు. చెప్తానన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఫోటోను ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో! బడిలో ఏడిపించిన మాటలు మనిషిని ఎంతకాలం వెంటాడతాయో నాకు తెలుసు. శేఖర్ మీద కోపం రాలేదు. కానీ ఒక ఊరు ఒక మనిషిని చేతులెత్తి మొక్కి, అతని పేరు మాత్రం మరిచిపోయింది. మేమూ ద్రౌపది అని రాసి ఊరుకుంటే ఆ మరుపును ఇంకో చోట అచ్చు వేసినట్టే. ఫోటోలు దాచింది అవ్వ. ఇచ్చిందీ అవ్వే. ఆమె అడిగింది ఒక్కటే.

మీరూ ఇలాంటి పని మీద ఊళ్లకు వెళ్తుంటే ఆదివారం వెళ్లండి. ఇంట్లో అందరూ ఉన్నప్పుడే డబ్బా తెరిపించండి. మాటలేవో అందరి ముందే తేలిపోతాయి.

శేఖర్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఫోటో ఈ వారమే ఆర్కైవ్‌లో పెడుతున్నాను. కింద చెంగల్రాయులు అని ఉంటుంది.