మా వీధిలో మల్పె అలలు

మా పక్కింటికి పక్కిల్లు లక్ష్మీనరసయ్య తాతది. పొద్దున పళ్లు తోముకున్నాక, కాఫీ ముట్టకముందే, ఆయన అరుగు మీద నిలబడి కర్ణాటక తీరాన ఉన్న మల్పెలో సముద్రం ఎలా ఉందో వీధంతటికీ చెబుతాడు. మాది ధర్మవరం. సముద్రం మా ఊరికి రావాలంటే బెంగళూరులో బస్సు మారాలి.

"ఈ దినం అల రెండు మూరలు. నురగ సన్నగా, వెండి జరీ అంచు మాదిరి ఉండాది. గాలి వస్తాండాది గానీ పట్టు పోగు తెంపేంత జోరు లేదు."

సెల్‌ఫోన్లో మీటర్లలో ఉన్న లెక్కను ఆయన మూరల్లోకి మార్చుకుంటాడు. జీవితమంతా చీరలు నేసిన చేతికి మీటరు మీద గురి కుదరలేదు.

"మనకు కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పబ్బా" అని ఎదురింటి మల్లప్ప రోజూ అడుగుతాడు.

"అది నా డిపార్టుమెంటు కాదప్పా" అని తాత రోజూ అంటాడు.

ఎవరు నవ్వినా ఆయన మానలేదు. పెనుకొండలో మనవరాలి పెళ్లినాడు ముహూర్తం వేళ పందిట్లోంచి బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి తన అరుగు మీద ఉంచమన్నాడు. మేళతాళాలతో కలిపి మల్పె అలలు విన్నాం. హిందూపురంలో పన్ను పీకించుకుని నోటినిండా దూదితో వచ్చిన మర్నాడు ఆ పని నా మీద పడింది. నలుగురిలో నోరు విప్పడమంటేనే నాకు చెమటలు. పక్కింటి గోడ దాకా వినపడాలని ఆయన చేతులతో సైగ చేస్తూనే ఉన్నాడు.

ఆ పక్కింట్లో యమున ఉంటుంది. తాత మొదలుపెట్టగానే ఆమె మగ్గం ఆగిపోయేది, కిటికీ రెక్క దబ్బున మూసుకునేది. ఆయన ముగించాక మగ్గం మళ్లీ మోగేది. చీర ఆర్డర్లు తగ్గాక ఆమె భర్త శ్రీకాంత్ మల్పె వెళ్లి చేపల బోటు ఎక్కాడు. వద్దన్నా వెళ్లాడని యమున అతని ఫోన్ ఎత్తడం మానేసింది. తన దగ్గర సముద్రం మాట ఎత్తొద్దని వీధిలో అందరి ముందూ చెప్పింది. తాత సముద్రాన్ని మొదలుపెట్టింది సరిగ్గా ఆ వారంలోనే. ఆయనకు బొత్తిగా ఇంగితం లేదని మా అమ్మ విసుక్కునేది.

మొన్న అక్టోబరులో అక్కడ తుపాను వచ్చింది. టీవీలో ఆ అలలే. ఆ పొద్దున తాత అరుగు మీదికి రాలేదు. యమున మగ్గం మోగలేదు. ఆమె కిటికీ మాత్రం బార్లా తెరిచి ఉంది. మల్లప్ప కూడా నీళ్ల ఊసెత్తలేదు.

నేను తాత ఇంట్లోకి వెళ్లి చూశాను. మడకశిర సంతలో నేర్చుకున్న కన్నడంలో ఆయన ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు. అవతలివాళ్లు పెట్టేస్తే ఇంకొకరికి చేస్తున్నాడు.

"తెల్లారకముందు నుంచి ఇదే వరస" అంది తాత భార్య సత్యభామవ్వ. "శ్రీకాంత్ బోటు యాడుందో తెలిసేదాకా కాఫీ తాగడంట."

చివరికి ఎవరో దొరికారు. తాత పంచె సర్దుకుని అరుగెక్కాడు.

"మల్పెలో ఈ దినం అల మిద్దెంత ఎత్తు. బోట్లన్నీ రాత్రే ఒడ్డుకొచ్చేసినాయి. రేవులో షెడ్డు కింద సాంబారు కాస్తాండారు. వంట మన ధర్మవరం పిల్లోనిదంట. ఉప్పు ఎక్కువైందంట."

"ఏమబ్బా, సాంబారు గూడా ఫోన్లో చూపిస్తాదా?" అన్నాడు మల్లప్ప.

తాత పక్కింటి కిటికీ వైపు చూడకుండా ఉండటానికి మెడను ఎంత బిగబట్టాడంటే, మల్లప్ప తన ఇంటి కప్పు మీద ఏదో ఉందనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

కిటికీలోంచి యమున గొంతు వినిపించింది.

"ఆయప్పకు ఉప్పు అందాజు ఎప్పుడు తెలిసింది గనక."

తర్వాత మగ్గం మోగింది. తాత గాలి సంగతి కూడా చెప్పి, పద్ధతి ప్రకారం ముగించి, కాఫీకి లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు యమున భర్తతో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది. అల ఎంత ఎత్తో తాత కంటే ముందే ఆమెకు తెలుసు. అయినా ఆయన చెప్పేటప్పుడు మగ్గం ఆపుతుంది. కిటికీ మూయదు.

లక్ష్మీనరసయ్య తాతకు డెబ్భై దాటాయి. ఇంతవరకు సముద్రం చూడలేదు.